క్షమాభిక్ష: అడగనివాళ్ళకు ఇచ్చింది భిక్ష అవుతుందా?

సభ్యులందరికీ నమస్కారం. ఒక్క మాట గురించి మీ అభిప్రాయం కావాలి.

చాలా ఏళ్ళుగా ఇంగ్లీషు వార్తలు తెలుగు చేసే పనిలో ఉన్నాను. 2022 అక్టోబరు 6న అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ గంజాయి కేసుల మీద ఒక ప్రకటన చేశారు. నేను రాసిన ఆ వార్త అచ్చయిన రోజు అమ్మకు చదివి వినిపిస్తున్నాను. ఆవిడ చేటలో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తోంది. "గంజాయి కేసుల్లో వేలమందికి క్షమాభిక్ష" అని శీర్షిక చదవగానే, చేతిలో కాయ అలాగే పట్టుకుని, "అంతమందీ పోయి ఆయన్ని అడుక్కున్నారా?" అంది.

ఎవరూ అడుక్కోలేదు. గంజాయి కేవలం దగ్గర ఉంచుకున్నందుకు ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ) చట్టం కిందో, వాషింగ్టన్ డీసీ చట్టం కిందో నేరస్థులైన పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకూ అది ఒక్క ప్రకటనతో వర్తించింది. ఒక్కొక్కరూ అర్జీ పెట్టుకోలేదు. 1992 నుంచి 2021 వరకు ఫెడరల్ చట్టం కింద అలా శిక్షపడినవాళ్ళు సుమారు 6,500 మంది అని అధికారులు చెప్పారు. ప్రకటన వచ్చేనాటికి కేవలం ఆ ఒక్క నేరానికే ఫెడరల్ జైల్లో ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. అంటే శిక్ష తగ్గించడం లేదు, విడుదల చేయడం లేదు. ఎప్పుడో పడ్డ మచ్చ ఉద్యోగానికీ అద్దె ఇంటికీ కాలేజీ సీటుకూ అడ్డం రాకుండా చూడటమే దాని ఉద్దేశం.

మరి ఇంగ్లీషు 'పార్డన్'కు మనం అలవాటుగా వాడే 'క్షమాభిక్ష' దీనికి సరిపోతుందా? ఉరిశిక్ష పడిన మనిషి రాష్ట్రపతికి పెట్టుకునేది 'క్షమాభిక్ష పిటిషన్'. అక్కడ చెయ్యి చాచడం ఉంది, మాట అతికినట్టుంది. అడిగేవాడి వైపు నుంచి పుట్టిన ఆ మాటనే ఇచ్చేవాడి వైపూ వాడేస్తున్నాం. పైగా 'ప్రసాదించారు' అని క్రియ తగిలిస్తాం. ఒక్క వాక్యంలో అధ్యక్షుడు దేవుడూ, పౌరుడు బిచ్చగాడూ అయిపోతున్నారు. పెద్దలు చెప్పండి.

తెనాలి నుంచి, సంస్కృతం మాస్టారు:

భిక్షను అంత చిన్నచూపు చూడకు నాయనా. ఒడుగులో వటువు మొదట అనే మాట "భవతి భిక్షాం దేహి". బుద్ధుడి శిష్యులు భిక్షువులు. మధుకరం ఎత్తుకుని చదువుకున్నవాళ్ళు మా నాన్నగారి తరంలో ఎంతోమంది. భిక్ష వేరు, బిచ్చం వేరు. అయితే ఒకటి ఒప్పుకుంటాను. ధాతువులోనే అడగడం ఉంది. అడగందే భిక్ష లేదు. ఆ లెక్కన మీ అమ్మగారి ప్రశ్న వ్యాకరణం ప్రకారం సరైనదే.

హైదరాబాద్ నుంచి, అడ్వకేటు:

మాస్టారూ, ఈ గొడవ కోర్టుల్లోనూ నడిచింది. 1833లో అమెరికా సుప్రీంకోర్టు పార్డన్‌ను దయతో చేసే పని అంది. 1927కి వచ్చేసరికి జస్టిస్ హోమ్స్ దాన్ని తిరగరాశారు. అధికారంలో ఉన్న ఒక మనిషి సొంతంగా చూపే దయ కాదు, రాజ్యాంగ ఏర్పాటులో అదొక భాగం అన్నారు. 1988లో, ఇందిరాగాంధీ హత్యకు ఉరిశిక్ష పడిన కేహర్ సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు కూడా ఆ దారినే పోయింది. ఆర్టికల్ 72 కింద రాష్ట్రపతి చేసేది రాజ్యాంగ విధి. చట్టం దయాదాక్షిణ్యాల భాష వదిలేసి ఇన్నేళ్ళయింది, మన పేపర్లు ఇంకా అక్కడే ఉన్నాయి.

ఇంకో జాగ్రత్త. పార్డన్ అంటే "నువ్వు తప్పు చేయలేదు" అని కాదు. పార్డన్‌ను ఒప్పుకోవడమంటే తప్పు ఒప్పుకున్నట్టే అని 1915లో అక్కడి సుప్రీంకోర్టు ఒక కేసులో రాసింది. పాత రికార్డు చెరిగిపోదు. అందుకని 'కేసులు కొట్టేశారు', 'నిర్దోషులుగా ప్రకటించారు' అని మాత్రం రాయకండి. 'శిక్ష మాఫీ' కూడా పనికిరాదు. మాఫీ చేయడానికి అక్కడ శిక్ష మిగిలి లేదు కదా.

న్యూజెర్సీ నుంచి:

ఇక్కడ మేమందరం 'పార్డన్' అనే అంటాం. మాట సంగతి మీరు తేల్చండి కానీ, ఒక్క విషయం అందరికీ తెలియాలి. ఇది హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళకూ స్టూడెంట్ వీసా పిల్లలకూ వర్తించదు. ఇక్కడ రాష్ట్ర చట్టం గంజాయిని అనుమతించినా ఇమ్మిగ్రేషన్ వాళ్ళు చూసేది ఫెడరల్ చట్టాన్ని. "షాపులో బోర్డు పెట్టి అమ్ముతున్నారుగా అన్నా" అని కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు అడుగుతుంటే నాకు టెన్షన్‌గా ఉంటుంది. తెలుగు పేపర్లో 'గంజాయి కేసుల్లో అందరికీ క్షమాభిక్ష' అని చదివితే ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారు?

ఇంకో అనుమానం. పార్డన్ వచ్చిందని న్యాయశాఖ ఇచ్చే సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టుకోవాలిగా? అది అడగడం కాదా?

విశాఖపట్నం నుంచి, స్కూలు టీచరు:

నాకు అసలు ఆ ప్రకటనే నచ్చలేదండీ. మా ఏజెన్సీ కొండల్లో గంజాయి సాగు, రవాణా ఎన్ని కుటుంబాలను పాడుచేశాయో చూస్తున్నదాన్ని. నా క్లాసులో పిల్లాడి నాన్న బస్తాలు మోస్తూ పట్టుబడి జైల్లో ఉన్నాడు. మోయించినవాడు బయటే ఉన్నాడు. చట్టం చేసింది కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు. ఒక్క సంతకంతో అధ్యక్షుడు దాన్ని పక్కన పెడితే ఇక చట్టానికి భయపడేదెవరు?

నా జవాబు:

అందరికీ ధన్యవాదాలు. న్యూజెర్సీ తమ్ముడూ, నీ అనుమానం మంచిది. పార్డన్ ప్రకటనతోనే అయిపోయింది. దరఖాస్తు పెట్టేది రుజువు కాగితం కోసం. ఎమ్మార్వో ఆఫీసులో కుల సర్టిఫికెట్‌కు అర్జీ పెడతాం, అంతమాత్రాన కులం ఎమ్మార్వో ఇచ్చినది కాదుగా. వీసాల సంగతి చెప్పి మంచి పని చేశావు. 'అందరికీ' అనే మాట ఆ శీర్షికలోకి రాకూడదు.

టీచరమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ మీరు చెప్పిన బస్తాలకు ఈ ప్రకటన వర్తించదు. అమ్మినవాళ్ళూ రవాణా చేసినవాళ్ళూ ఇందులో లేరు. మన 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద కూడా కిలో వరకు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. రెండిటికీ శిక్షల్లో చాలా తేడా ఉంది. తెలుగులో మాత్రం రెండూ 'గంజాయి కేసే'. అక్కడ ఇంగ్లీషులో ఉన్న మాటకు అర్థం 'ఊరికే దగ్గర ఉంచుకోవడం'. నేను ఆ నాలుగు ముక్కలు తీసేసి 'గంజాయి కేసులు' అన్నాను. శీర్షికలో చోటు లేదనుకున్నాను. మీకు కొండ దిగే బస్తాలు కనిపించాయంటే తప్పు నాదే.

అమెరికాలో విమర్శ రెండు వైపుల నుంచీ వచ్చింది. చట్టానికి గౌరవం పోతుందని కొందరన్నారు. అమ్మకం కేసుల్లో ఏళ్ళ తరబడి లోపల మగ్గుతున్నవాళ్ళను వదిలేశారని ఇంకొందరన్నారు. గంజాయి కేసులు ఎక్కువగా నడిచేది రాష్ట్ర కోర్టుల్లో. అధ్యక్షుడి చెయ్యి అంతవరకు పోదు. అందుకే మీరూ చేయండని ఆయన గవర్నర్లను కోరారు. 2024 జూన్‌లో మేరీలాండ్ గవర్నర్ వెస్ మూర్ 1,75,000కు పైగా కేసుల్లో ఒకేసారి పార్డన్ ఇచ్చారు. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ గంజాయి ఇంచుమించు ఒకే స్థాయిలో వాడుతున్నా, అరెస్టులు నల్లవాళ్ళవే ఎక్కువన్నది బైడెన్ చెప్పిన కారణాల్లో ఒకటి. సర్కారు తన చట్టం ఒకరి మీదే బరువుగా పడిందని ఒప్పుకుని వెనక్కి తగ్గుతుంటే, మనం దాన్ని 'భిక్ష' అంటే మొత్తం తలకిందులవుతుంది. అప్పు తీర్చడాన్ని దానం అన్నట్టు ఉంటుంది. హిందీవాళ్ళ 'క్షమాదానం'తో నాకున్న పేచీ కూడా అదే. అడగడం పోయింది కానీ దాత అలాగే ఉన్నాడు.

నాకు తోచిన మాట 'మన్నింపు'. "నా తప్పు మన్నించండి" అంటాం. "పెద్దల మాట మన్నించి వచ్చాను" అనీ అంటాం. 'మన్ననలు పొందడం' అంటే గౌరవం పొందడం. క్షమించడం, మనిషిగా విలువ ఇవ్వడం రెండూ ఒకే క్రియలో ఉన్నాయి. తప్పు జరిగిందన్న అర్థం అలాగే ఉంటుంది కాబట్టి వకీలు గారి అభ్యంతరమూ రాదు. 'మన్నింపు ప్రసాదించారు' అంటే నోటికి ఎబ్బెట్టుగా ఉంది, క్రియగానే వాడాలి. ఉరిశిక్ష పిటిషన్లకు క్షమాభిక్షను ఉండనిద్దాం.

నిన్న సాయంత్రం అమ్మ దగ్గర కూర్చుని కొత్త శీర్షిక చదివాను: "గంజాయి దగ్గర ఉంచుకున్నవాళ్ళను మన్నించిన అమెరికా అధ్యక్షుడు". కాసేపు ఆలోచించి, "అమ్మినవాళ్ళను కాదన్నమాట" అంది.

తెనాలి మాస్టారు:

బాగుంది. 'దగ్గర ఉంచుకున్న' కంటే 'వాడకానికి ఉంచుకున్న' అంటే ఎలా ఉంటుంది?

హైదరాబాద్ అడ్వకేటు:

వద్దు మాస్టారూ. వాడకం వేరే నేరం. దాన్ని కలిపింది 2023 డిసెంబరులో వచ్చిన రెండో ప్రకటన.