పోనీ సిలిండర్: ఎంత సైజుది, ఎక్కడ కట్టుకోవాలి?

అనంత_ఈతగాడు: డిసెంబర్లో మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవికి స్కూబా డైవింగ్‌కు పోతున్నాం, వచ్చే ఏడు 30 మీటర్లకు దిగాలని ఉంది. గాలి అయిపోతే అక్కరకొస్తుందని పోనీ సిలిండర్ (పెద్దదానికి తోడుగా మోసుకెళ్లే చిన్న గాలి సిలిండర్) కొందామని, చేతిలో పట్టే 3 ఘనపుటడుగుల బుల్లి సిలిండర్ చూశా. చాలదా?

కేసీ_కాలువ: చాలదు తమ్ముడూ. 3 ఘనపుటడుగులంటే దాదాపు 85 లీటర్లు. మామూలుగా నిమిషానికి 15–20 లీటర్లు పీల్చే మనిషి, గాలి ఆగిందంటే కంగారులో 30 పీలుస్తాడు. 30 మీటర్ల లోతులో ఒత్తిడి 4 బార్ (నీళ్ల పైన 1 బార్), గాలీ నాలుగింతలు పోతుంది, అంటే నిమిషానికి 120 లీటర్లు. 40 సెకన్లలో నీ బుల్లిది ఖాళీ.

పైకి రావడానికి ఎంత కావాలో చూడు. కుదురుకోవడానికి అడుగున ఒక నిమిషం: 120. నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి 3.3 నిమిషాలు, సగటు ఒత్తిడి 2.5 బార్: 250. ఒంట్లో చేరిన నైట్రోజన్ పోవడానికి 5 మీటర్ల దగ్గర (1.5 బార్) 3 నిమిషాల ఆగుడు: 135. మొత్తం 505 లీటర్లు. 19 ఘనపుటడుగులదాంట్లో పట్టేది 540, అదీ నిండా నింపితేనే. 30 మీటర్లకైతే 30 అడుగులది (850 లీటర్లు) తీసుకో. 18 మీటర్లలోనే తిరిగేవాడికి ఇదే లెక్కన 335 చాలు, 19 అడుగులది సుఖంగా సరిపోతుంది.

పేరు పోనీ గానీ, "పోనీలే, అదుంది కదా" అని ఇంకో పది నిమిషాలు అడుగున ఉండేదానికి కాదు. పెద్ద సిలిండర్‌లో 50 బార్ మిగిలుండగానే పైకి తేలాలి, పోనీ లేనట్టే లెక్కేసుకో.

పెన్న_గట్టు: సైజు కన్నా రెగ్యులేటర్లు (సిలిండర్ గాలిని నోటికి అందించేవి) తారుమారు కావడమే ఎక్కువ ప్రమాదమప్పా. పోనీది నోట్లో పెట్టుకుని దూకేస్తారు. గేజ్ పెద్ద సిలిండర్‌ది, అది 180 చూపిస్తూనే ఉంటుంది, నోటికి మాత్రం గాలి రాదు. అప్పుడు బుర్ర పనిచేయదు. అందుకే పోనీ సెకండ్ స్టేజ్‌ని (రెగ్యులేటర్‌లో నోట్లో పెట్టుకునే భాగం) రబ్బరు తాడుతో మెడకు, గడ్డం కిందే వేలాడేలా కట్టు. నీళ్లలోకి దిగకముందు పెద్దదాని నుంచి గేజ్ చూస్తూ నాలుగు ఊపిర్లు తీయి. ముల్లు ఊగకూడదు, ఊగితే పెద్దదాని వాల్వ్ సరిగా తెరవలేదన్నట్టు. నోట్లో ఉన్న గొట్టం పెద్దదానిదేనా అని కూడా చూసుకో.

అనంత_ఈతగాడు: వీపు మీద బిగించాలా, ఎడమ పక్కన వేలాడదీయాలా అన్నా?

కేసీ_కాలువ: ఎడమ పక్కనే నా ఓటు. రెండు కొక్కేలు, ఒకటి రొమ్ము దగ్గర రింగుకు, ఒకటి నడుము దగ్గర. వాల్వ్, గేజ్ రెండూ కళ్లెదుటే ఉంటాయి. వీపున కడితే వాల్వ్ చేతికందదు, తెరిచే దిగాలి. ఎక్కడో బుడగలు పోతుంటే పక్కవాడు చెప్పాలి తప్ప నీకు తెలీదు.

పెన్న_గట్టు: పక్కన వేలాడేదాన్ని కొందరు మూసి ఉంచుతారు. సరే, కానీ ముందు తెరిచి గొట్టంలో ఒత్తిడి నింపి ఆ తర్వాత మూయాలి. ఖాళీ గొట్టంతో దిగితే బయటి నీళ్ల ఒత్తిడి ఎక్కువై ఫస్ట్ స్టేజ్‌లోకి (రెగ్యులేటర్‌లో వాల్వ్‌కు బిగించే భాగం) నీళ్లు దూరతాయి. లోతుకు దిగేకొద్దీ మధ్యమధ్యలో ఒకసారి తెరిచి మూస్తుండు. నేర్చుకునేవాడైతే తెరిచే ఉంచడం మేలు.

గండికోట రిజర్వాయర్ లాంటి చోట అనుమతి దొరికి దిగినా, మునిగిన ఊళ్ల చెట్లు, చేపలోళ్ల వలలు ఉంటాయి. వేలాడే గొట్టం ప్రతిదానికీ తగులుకుంటుంది. గొట్టాన్ని సిలిండర్‌కే రబ్బరు పట్టీల కింద దోపు. తాడు కోసే కత్తి కుడిచేతికి అందేలా పెట్టుకో. మంచినీళ్లలో ఉప్పునీళ్లంత తేలం కాబట్టి, మునగడానికి కట్టుకునే సీసం రెండు, రెండున్నర కిలోలు తగ్గించాలి.

కడప_గడప: మా ఊళ్లో ఎక్కడ నింపించాలి? వెల్డింగ్ షాపు ఆక్సిజన్?

కేసీ_కాలువ: వద్దు! శుద్ధ ఆక్సిజన్ 6 మీటర్లు దాటితే ఫిట్స్ తెప్పించొచ్చు. పైగా నూనె తగిలిన వాల్వ్‌లో మండుతుంది. టైరు షాపు కంప్రెసర్‌కు సిలిండర్ నిండే 200 బార్ రాదు, వచ్చేది నూనె పొగ. ఊపిరి పీల్చే గాలికి ఫిల్టర్లున్న కంప్రెసర్ డైవింగ్ సెంటర్లోనే దొరుకుతుంది, సముద్రం దగ్గరే నింపించు.

విమానంలో అయితే ఖాళీ చేసి, వాల్వ్ విప్పి, లోపల కనిపించేలా చూపించాలి, ముందే విమానం కంపెనీవాళ్లను అడుగు. కారులో తెస్తే ఎండలో వదలకు. 30 డిగ్రీల దగ్గర 200 ఉన్నది 60 డిగ్రీల డిక్కీలో 220 అవుతుంది. దీనికి తిరగేసిన తంటా కూడా ఉంది. వేడి సిలిండర్‌లో 207 చూసి మురిసిపోతే, చల్లటి నీళ్లలో 195కు దిగుతుంది. 19 అడుగులదాంట్లో అది దాదాపు 30 లీటర్ల తేడా. నీ 505కు మిగిలిందల్లా అంతే.