ఐరన్ మెయిడెన్ ఆల్బమ్‌లన్నీ వరసగా వింటున్నా, పదో దగ్గర ఆగిపోయాను

మియాపూర్_మెటల్:
ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ స్టూడియో ఆల్బమ్‌లు మొత్తం 17. 1980లో వచ్చిన మొదటిదాని నుంచి 2021 'సెంజుత్సు' దాకా వరసగా వినాలని దసరా సెలవుల తర్వాత మొదలుపెట్టాను. అంతకుముందు నాకు తెలిసింది 'ది ట్రూపర్', 'ఫియర్ ఆఫ్ ద డార్క్' లాంటి నాలుగైదు పాటలే. పొద్దున మియాపూర్‌లో మెట్రో ఎక్కగానే ఆల్బమ్ పెడతాను, అమీర్‌పేటలో రైలు మారి రాయదుర్గం చేరేదాకా వింటాను. సాయంత్రం వచ్చేటప్పుడు మళ్లీ అదే. ఒక్క పాట కూడా దాటేయకూడదని రూల్ పెట్టుకున్నాను.

వరసగా వింటే భలే సంగతులు తెలుస్తున్నాయి. మొదటి రెండిట్లో పాల్ డియానో గొంతు సందు చివర గొడవకి దిగినట్టు ఉంటుంది. 1982లో పాడటానికి బ్రూస్ డికిన్సన్ వచ్చాక అదే బ్యాండా అని ఫోన్ తీసి చూసుకున్నాను. 1983 'పీస్ ఆఫ్ మైండ్' డ్రమ్మర్ నికో మెక్‌బ్రెయిన్‌కి ఈ బ్యాండ్‌తో మొదటి ఆల్బమ్. అది మొదలయ్యేదే అతని డ్రమ్స్‌తో! ఆ మొదటి పాట విడిగా వింటే ఇది తట్టదు. 'పవర్‌స్లేవ్' చివర్లో 13 నిమిషాల పాట ఉంది కదా, అది అయ్యేదాకా రాయదుర్గం ప్లాట్‌ఫాం మీదే నిలబడి ఆఫీసుకి లేటయ్యాను. 1990లో గిటారిస్ట్ ఆడ్రియన్ స్మిత్ లేకుండా చేసినదాంట్లో కాస్త ఉప్పు తగ్గిందనిపించింది. అయినా లాగించాను.

ఇప్పుడు 1995 'ది ఎక్స్ ఫ్యాక్టర్'. డికిన్సన్ వెళ్లిపోయాడు, బ్లేజ్ బేలీ పాడుతున్నాడు. 70 నిమిషాలు దాటుతుంది, నా ప్రయాణంలో పట్టదు. ఏ పాట చూసినా గొణుగుడుతోనే మొదలు. నాలుగు రోజులైంది, మూడో పాట దాటలేదు. బ్లేజ్ పాడిన రెండూ వదిలేసి 2000లో వచ్చిన 'బ్రేవ్ న్యూ వరల్డ్'కి వెళ్లిపోతే తప్పా?

పప్పుచారు_రిఫ్:
వదిలెయ్ బ్రో. పరీక్షేం కాదుగా, మార్కులు పోవడానికి. నేను 1988 ఆల్బమ్ 'సెవెంత్ సన్' నుంచి ఏకంగా 2000కి దూకాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

అనంతపురం_పాతకాపు:
తమ్ముడూ, తొందరపడకు. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్లని చూసినవాణ్ణి, ఆ చనువుతో చెప్తున్నా. అనంతపురం నుంచి నలుగురం బస్సులో పోయాం. 'ఫియర్ ఆఫ్ ద డార్క్'లో గిటార్ ట్యూన్‌ని కూడా జనం గొంతెత్తి పాడేశారు. తిరుగు బస్సులో నలుగురికీ గొంతు లేదు, కండక్టర్‌కి వేళ్లు చూపించి టికెట్లు తీసుకున్నాం.

నీ ఇబ్బందిలో సగం మెట్రోదే. 'ఎక్స్ ఫ్యాక్టర్'లో చాలా పాటలు సన్నగా, మెల్లగా మొదలవుతాయి. రైలు రొదలో, స్టేషన్ అనౌన్స్‌మెంట్ల మధ్యలో అదేం వినపడుతుంది? ఆ రోజుల్లో బ్యాండ్ పెట్టిన బాస్ గిటారిస్ట్ స్టీవ్ హారిస్ కాపురం విడాకుల దాకా పోయింది. ఆ దిగులంతా పాటల్లోకి దిగింది. బ్లేజ్‌ది బరువైన గొంతు. డికిన్సన్ పాత పాటలు స్టేజి మీద పాడాల్సి వచ్చినప్పుడు తిప్పలు పడ్డాడు, నిజమే. ఈ దిగులుకి మాత్రం ఆ గొంతే సరి. రాత్రి ఇంట్లో లైటార్పేసి మొదటి పాట 'సైన్ ఆఫ్ ద క్రాస్' ఒక్కటే విను, 11 నిమిషాలు. వెంటనే 'రాక్ ఇన్ రియో' లైవ్ ఆల్బమ్‌లో డికిన్సన్ పాడింది పెట్టు. అది 2001 కచేరీ. పాట ఎవరిదో నువ్వే తేల్చుకో.

పప్పుచారు_రిఫ్:
అన్నా, బ్లేజ్ రెండో ఆల్బమ్ 'వర్చువల్ ఎలెవన్'ని కూడా ఇలాగే వెనకేసుకొస్తారా?

అనంతపురం_పాతకాపు:
లేదు నాయనా. అందులో 'ది క్లాన్స్‌మన్' ఉంది, అంతవరకే నా పూచీ. 'ది ఏంజెల్ అండ్ ద గ్యాంబ్లర్' దాదాపు పది నిమిషాలు అదే పల్లవి. మా ఇంట్లో మిక్సీ అయినా మధ్యలో ఆగుతుంది.

బెడ్‌ఫర్డ్_బంగినపల్లి:
మీరు 2015 'ది బుక్ ఆఫ్ సోల్స్' దాకా రావాలండీ, అందుకోసమైనా ఆగిపోకండి. 92 నిమిషాలు, చివరి పాట ఒక్కటే 18 నిమిషాలు. డికిన్సన్ పియానోతో మొదలవుతుంది. ఆర్101 అనే ఎయిర్‌షిప్ (గ్యాస్ నింపి ఎగరేసే పెద్ద ఓడలాంటిది) కథ అది. 1930 అక్టోబర్ 4 సాయంత్రం ఇక్కడ ఇంగ్లండ్‌లో మా ఊరు బెడ్‌ఫర్డ్ పక్కన కార్డింగ్టన్‌లో బయల్దేరింది. పోవాల్సింది కరాచీకి, అప్పట్లో అది మన దేశమే కదా. ఆ రాత్రే ఫ్రాన్స్‌లో బోవే దగ్గర కూలిపోయింది. 54 మందిలో 48 మంది పోయారు. ఆ ఎయిర్‌షిప్‌లు పెట్టే పెద్ద పెద్ద షెడ్లు ఇప్పటికీ ఉన్నాయి, పిల్లాణ్ణి ఈతకి తీసుకెళ్లే దారిలో కనిపిస్తాయి. రెండేళ్లు వాటిని గోడౌన్లు అనుకున్నాను. ఆ పాట విన్నాకే అవేంటో తెలిసింది.

మియాపూర్_మెటల్:
పాతకాపు అన్నా, నిన్న రాత్రి అందరూ పడుకున్నాక మేడ మీద విన్నాను. మొదట్లో చర్చిలో పాడినట్టు కోరస్ ఒకటి ఉంది! నాలుగు రోజులు మెట్రోలో విన్నా అది నా చెవిన పడనే లేదు. తర్వాత 'రాక్ ఇన్ రియో' కూడా పెట్టాను. డికిన్సన్ బాగా పాడాడు, కానీ భయం బ్లేజ్ దాంట్లోనే వేసింది. మిగతా పాటలు కూడా మేడ మీదే కానిస్తాను.

సోమవారం 'వర్చువల్ ఎలెవన్' మాత్రం రైల్లోనే. అమీర్‌పేటలో రైలు మారగానే మీరు చెప్పిన ఆ మిక్సీ పాట పెడతాను. లెక్క ప్రకారం పెద్దమ్మ గుడి స్టేషన్‌కి అయిపోవాలి.