వినోద విమానయాన సంఘం రుసుము పెంచింది: ఆ డబ్బు ఎటు పోతోంది, సభ్యుడికి ఏం దక్కుతోంది?

ప్రశ్న: కొత్తరెక్క

అందరికీ నమస్కారం. సరదాకు విమానం నడిపేవారి సంఘం ఒకదానిలో నేను సభ్యుణ్ని. మరో ఇద్దరు మిత్రులతో కలిసి రెండు సీట్ల తేలికపాటి విమానాన్ని ఉమ్మడిగా పెట్టుకున్నాం. సంఘానికి మేము మూడు రకాలుగా డబ్బు కడుతున్నాం. ఏటా ముగ్గురం విడివిడిగా సభ్యత్వ రుసుము చెల్లిస్తాం, విమానం పేరిట రిజిస్ట్రేషన్ రుసుము చెల్లిస్తాం. ఇవి కాక, పైలట్ సర్టిఫికెట్‌లో కొత్త అర్హత చేర్చుకున్నప్పుడల్లా దానికి వేరే రుసుము ఉంటుంది. ఈసారి మొదటి రెండూ పెంచుతున్నట్టు నోటీసు వచ్చింది. ఇంతకాలం సభ్యత్వంతో పాటే ఇంటికి వచ్చిన అచ్చు పత్రికకు ఇకపై విడిగా చందా కట్టాలని కూడా అందులోనే రాశారు.

వార్షిక నివేదిక తెరిచి చూస్తే ఆదాయ వ్యయాల ఖాతాలో లోటు కనిపిస్తోంది. ఆస్తి అప్పుల పట్టీలో మాత్రం బ్యాంకు డిపాజిట్లు దండిగానే ఉన్నాయి. అంత డబ్బు చేతిలో ఉంచుకుని సభ్యుల మీద భారం వేయడం ఎందుకన్నది నా మొదటి సందేహం. సభ్యత్వంలోనే బీమా కలిసి ఉందని కరపత్రంలో పెద్ద అక్షరాలతో వేశారు కానీ, అది వాస్తవంగా దేనికి వర్తిస్తుందో మా ముగ్గురిలో ఎవరికీ స్పష్టంగా తెలియదు. రుసుమును పాత స్థాయికి తగ్గించాలంటూ కొందరు సభ్యులు రాబోయే సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెడుతున్నారు. దానికి ఓటు వేయాలా వద్దా అన్నది నిర్ణయించుకునే ముందు, లెక్కలు తెలిసినవారి అభిప్రాయం వినాలని ఉంది.

జవాబు: పద్దుపుస్తకం

కొత్తరెక్క గారూ, ఇటువంటి సభ్యత్వ సంఘాల లెక్కలు కొంతకాలం చూసిన అనుభవంతో రాస్తున్నాను. డిపాజిట్లు అంత ఉన్నప్పుడు లోటు ఎలా వచ్చిందన్న ప్రశ్న ప్రతి సమావేశంలోనూ వస్తుంది, రావాలి కూడా. ఆస్తి అప్పుల పట్టీలో డిపాజిట్లు ఉన్న వైపు మాత్రమే చూసి ఆగిపోకుండా, అప్పుల వైపు ‘ముందుగా వచ్చిన ఆదాయం’ అన్న పద్దు ఎంతుందో చూడండి. సభ్యులు ఏడాదికి సరిపడా రుసుము ఒకేసారి కడతారు. ఖాతాలు ముగిసే రోజుకు ఆ ఏడాదిలో కొన్ని నెలలే గడిచి ఉంటాయి కాబట్టి, మిగిలిన నెలల సేవ సంఘం ఇంకా బాకీ ఉన్నట్టే లెక్క. ఆ సొమ్ము బ్యాంకులో ఉన్నా, ఇంకా సంపాదించినది కాదు. ఉద్యోగులకు బాకీపడిన సెలవుల జీతం, ఇంకా కట్టని బిల్లులు కూడా తీసేశాక మిగిలేదే అసలైన నిల్వ. చాలా సంఘాల్లో ఆ అంకె డిపాజిట్ల అంకెలో సగానికి కూడా రాకపోవచ్చు.

ఇక ఖర్చుల సంగతి. సభ్యుల సంఖ్యతో పాటు పెరిగే ఖర్చులు ఇటువంటి సంఘంలో తక్కువ. శిక్షణ ప్రమాణాలు చూసే అధికారి, విమానాల సాంకేతిక వ్యవహారాలు చూసే అధికారి, ఫ్లయింగ్ స్కూళ్ల తనిఖీలు, రికార్డులు భద్రపరిచే కంప్యూటర్ వ్యవస్థ, ఆడిట్, న్యాయ సలహా, అన్నిటికన్నా మించి బీమా ప్రీమియం ఉంటాయి. సభ్యులు పదివేల మంది ఉన్నా తొమ్మిదివేల మందే ఉన్నా వీటిలో చాలావాటి ఖర్చు దాదాపు ఒకటే. అందువల్ల సభ్యులు తగ్గినప్పుడు ఒక్కొక్కరి వాటా పెరుగుతుంది, వాటా పెరిగినందుకు మరికొందరు మానేస్తారు. ఈ సుడిలో పడిన సంఘానికి రుసుము పెంచినా కష్టమే, పెంచకపోయినా కష్టమే.

నిల్వ ఎంత ఉండాలన్నదానికి అందరికీ వర్తించే సూత్రమేదీ లేదు కానీ, దేనికోసం ఉంచుతున్నారో పాలకవర్గం లిఖితపూర్వకంగా చెప్పగలగాలి. బీమా ప్రీమియం ఒక్కసారిగా పెరగవచ్చు. ప్రాణనష్టం జరిగిన ప్రమాదం తర్వాత విచారణలో న్యాయవాదిని పెట్టుకోవలసి రావచ్చు. ప్రభుత్వ నియంత్రణ సంస్థ నిబంధనలు మారిస్తే మాన్యువళ్లన్నీ తిరగరాయవలసి రావచ్చు. ఇవేవీ ముందు చెప్పి రావు. కాబట్టి నిల్వ ఉండటం తప్పు కాదు, దానికి విధానం లేకపోవడం తప్పు.

నివేదికలో నేనైతే మరో రెండు చోట్ల చూస్తాను. ‘ఈ ఒక్క ఏడాదికే వచ్చిన ప్రత్యేక ఖర్చు’ అన్న పద్దు వరుసగా ఏటా కనిపిస్తోందా అన్నది ఒకటి. అలా కనిపిస్తే అది ప్రత్యేక ఖర్చు కాదు, నిత్య ఖర్చే. కొత్త కంప్యూటర్ వ్యవస్థకు పెట్టిన డబ్బును ఆస్తిగా చూపించి తరుగుదల రూపంలో విడతలుగా రాస్తున్నారా, లేక ఒకే ఏట ఖర్చు రాసేశారా అన్నది రెండోది. అలా ఒకే ఏట రాసేసిన పక్షంలో ఈ లోటు వచ్చే ఏడాదికి దానంతట అదే తగ్గిపోవచ్చు, అప్పుడు రుసుము పెంచడానికి చూపిన కారణం బలహీనపడుతుంది. ఈ ప్రశ్నలు సమావేశంలో లేచి అడిగితే ‘చూసి చెబుతాం’ అన్న జవాబే వస్తుంది, కాబట్టి ముందుగానే రాతపూర్వకంగా పంపండి.

జవాబు: ఎదురుగాలి

బీమా సంగతి నేను చెబుతాను. సభ్యత్వంతో కలిపి ఇచ్చేది సాధారణంగా థర్డ్ పార్టీ బీమా. అంటే మీ విమానం వల్ల నేలమీద ఉన్న మనుషులకో ఇతరుల ఆస్తికో నష్టం జరిగి, దానికి మీరు చట్టప్రకారం బాధ్యులైతే పరిహారం చెల్లించే బీమా. కొన్ని పాలసీల్లో పక్క సీటులో ఉన్న ప్రయాణికుడికి కూడా వర్తిస్తుంది, అయితే అతడికి చెల్లించే మొత్తానికి విడిగా, తక్కువ పరిమితి ఉండే అవకాశం ఎక్కువ. మీ విమానానికి జరిగే నష్టం ఇందులో రాదు, దానికి హల్ బీమా విడిగా తీసుకోవాలి. మీకు తగిలే గాయాలు కూడా, వ్యక్తిగత ప్రమాద బీమా విడిగా చేర్చి ఉంటే తప్ప, ఇందులో రావు. ముగ్గురు కలిసి ఒక విమానం పెట్టుకున్న మీలాంటి వారు ఇంకొకటి చూసుకోవాలి: ఒక భాగస్వామి నడుపుతున్నప్పుడు జరిగిన నష్టానికి మిగతా ఇద్దరిని కూడా యజమానులుగా బాధ్యులను చేస్తే, వారికీ రక్షణ ఉందా అన్నది.

పాలసీలో చెల్లింపు పరిమితి ఎంత అన్నదానికంటే, అది ఒక్కో ఘటనకా లేక ఏడాది మొత్తానికి సభ్యులందరికీ కలిపి ఒకటేనా అన్నది ముఖ్యం. ఏడాది మొత్తానికి కలిపి ఉంటే, మీకంటే ముందు జరిగిన రెండు పెద్ద ప్రమాదాలు ఆ మొత్తాన్ని మింగేయవచ్చు. ప్రతి క్లెయిమ్‌లోనూ మొదటి కొంత భాగం సభ్యుడే భరించాలన్న షరతు ఉందేమో కూడా చూడండి.

వీటన్నిటికంటే ముందు, బీమా పనిచేయాలంటే సభ్యత్వం, విమాన రిజిస్ట్రేషన్, నిర్ణీత కాలానికోసారి ఇన్‌స్ట్రక్టర్‌తో చేయవలసిన ఫ్లయిట్ రివ్యూ మూడూ గడువులోపల ఉండాలి. ప్రయాణికుణ్ని ఎక్కించుకునే అర్హత లేకుండా ఎక్కించుకున్నా, తనిఖీ గడువు దాటిన ఇంజన్‌తో ఎగిరినా బీమా సంస్థ చేతులు దులుపుకునే ప్రమాదం ఉంది. రుసుము నచ్చక పునరుద్ధరణ కొన్నాళ్లు వాయిదా వేసేవారు ఇక్కడే దెబ్బతింటారు. కరపత్రం చదివి ఊరుకోకుండా పాలసీ పూర్తి పాఠం అడిగి తెప్పించుకోండి. ఆ తర్వాత అదే రక్షణ మీరు ఒంటరిగా కొనుక్కుంటే ఎంతవుతుందో ఒక బీమా బ్రోకర్‌ను అడగండి. సామూహిక పాలసీ వల్ల దక్కే లాభమెంతో అప్పుడు మీకే అంకెల్లో కనిపిస్తుంది.

జవాబు: ఉత్తరపుగాలి

పద్దుపుస్తకం గారు చెప్పిన లెక్కలతో నాకు పేచీ లేదు. అయితే ఆ చర్చ మొత్తం, సంఘం ఒక క్లబ్బు అన్నట్టుగా సాగింది. మీ సంఘం క్లబ్బా, లేక ప్రభుత్వం చేయవలసిన పనిని దాని తరఫున చేస్తున్న సంస్థా అన్నది తేలకుండా రుసుము ఎక్కువో తక్కువో చెప్పలేం.

అమెరికాలో 1953లో మొదలైన ఎక్స్‌పరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌ను తీసుకోండి. అందులో చేరకపోయినా ఎవరి విమానయానమూ ఆగదు, ఎందుకంటే అక్కడ పైలట్ సర్టిఫికెట్లు, విమాన రిజిస్ట్రేషన్ ప్రభుత్వ సంస్థ అయిన ఎఫ్ఏఏ చేతిలోనే ఉన్నాయి. పైగా 1982లో వచ్చిన పార్ట్ 103 నిబంధన ప్రకారం, ఇంజన్ ఉన్న ఒంటి సీటు అల్ట్రాలైట్ (అతి తేలికపాటి విమానం) ఖాళీ బరువు 254 పౌండ్ల లోపు, అంటే సుమారు 115 కిలోల లోపు ఉండి, తక్కిన షరతులకూ లోబడి ఉంటే, దానికి రిజిస్ట్రేషన్, నడిపేవారికి సర్టిఫికెట్ రెండూ అక్కర్లేదు. కాబట్టి ఆ సంఘం సభ్యులను ఆకట్టుకోవాలంటే తన సేవలతోనే ఆకట్టుకోవాలి. పత్రిక, సొంతంగా విమానం కట్టుకునేవారికి స్వచ్ఛందంగా సలహా ఇచ్చే సాంకేతిక నిపుణులు, ఆష్‌కాష్ పట్టణంలో ఏటా జరిగే ఎయిర్‌వెంచర్ మేళా, పిల్లలను ఉచితంగా విమానం ఎక్కించే యంగ్ ఈగిల్స్ కార్యక్రమం అటువంటివే.

ఆస్ట్రేలియాలో పరిస్థితి వేరు. 1983లో ఆస్ట్రేలియన్ అల్ట్రాలైట్ ఫెడరేషన్ పేరుతో మొదలైన రిక్రియేషనల్ ఏవియేషన్ ఆస్ట్రేలియా తానే పైలట్ సర్టిఫికెట్ ఇస్తుంది, తానే విమానాన్ని రిజిస్టర్ చేస్తుంది, శిక్షణ స్కూళ్లను కూడా తానే పర్యవేక్షిస్తుంది. దీనికి పార్ట్ 149 అనే నిబంధనల చట్రం ఉంది. బ్రిటన్ మధ్యరకం: అక్కడ పైలట్ లైసెన్సు ప్రభుత్వ సంస్థే ఇస్తుంది కానీ, మైక్రోలైట్లు అనే చిన్న తేలికపాటి విమానాలు ఎగరడానికి తగిన స్థితిలో ఉన్నాయో లేదో చూసే పనిలో బ్రిటిష్ మైక్రోలైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌కు అధికారికమైన పాత్ర ఉంది. 1946లో వేరే పేరుతో పుట్టిన లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ కూడా ఇళ్లలో కట్టిన విమానాల విషయంలో అటువంటి పనే చేస్తోంది. ఒక దేశపు సంఘం రుసుమును ఇంకో దేశపు సంఘం రుసుముతో పోల్చి ‘మన దగ్గర దోచేస్తున్నారు’ అనేవారు ఈ తేడాను పట్టించుకోరు. ఒకచోట ప్రభుత్వ ఖజానా భరించే పని, మరోచోట సభ్యుడి జేబు నుంచి నడుస్తోంది.

మీ రుసుముల వరుస చూస్తే మీది రెండో రకం సంఘమే. అటువంటి చోట సభ్యుడికి మానేసే స్వేచ్ఛ పేరుకే ఉంటుంది. మానేస్తే ఎగరడం కుదరదు. అందుచేత నియంత్రణ పనికి అయ్యే ఖర్చు, బీమా, సభ్యుల సౌకర్యాలు అనే మూడింటినీ విడివిడిగా లెక్కగట్టి చూపించాలన్నది నా గట్టి అభిప్రాయం. మొదటిది తప్పనిసరి కాబట్టి ఖర్చుకు మించి వసూలు చేయకూడదు. రెండోది దాదాపు యథాతథంగా బీమా సంస్థకు వెళ్లేది. మూడోది ఇష్టమైనవారు కొనుక్కునేది. వాస్తవంలో మూడూ ఒకే కుండలో పడతాయి. అప్పుడు సౌకర్యాల మీద పెట్టిన దుబారా కూడా భద్రతకైన ఖర్చుగానే కనిపిస్తుంది. మీరు ముగ్గురూ మూడు సభ్యత్వాలు కట్టి ఒకే విమానానికి రిజిస్ట్రేషన్ కడుతున్నారు. విమానాల సాంకేతిక విభాగానికి అయ్యే ఖర్చు రిజిస్ట్రేషన్ రుసుములోంచే వస్తోందా, లేక స్కూలు విమానం అద్దెకు తీసుకుని నడిపే సభ్యుడు కూడా యజమానుల కోసం అందులో కొంత భరిస్తున్నాడా అన్నది ఈ లెక్క వేస్తేనే తేలుతుంది.

జవాబు: అద్దెరెక్క

ఆ అద్దెకు తీసుకుని నడిపేవారిలో నేనొకణ్ని. కొంత భరించడానికి నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే యజమానుల విమానాలు సరిగ్గా లేకపోతే ప్రమాదం నా తలమీదికీ వస్తుంది. కారు అద్దెలోనూ హోటళ్లలోనూ రాయితీ ఇప్పిస్తున్నామని సంఘాలు చెప్పుకోవడమే నాకు నచ్చదు. అది చెట్టు పేరు చెప్పి కాయలమ్మడం లాంటిది, ఆ రాయితీలు సభ్యత్వం లేకుండానే ఎక్కడైనా దొరుకుతాయి.

అచ్చు పత్రికను మాన్పించడం మాత్రం కేవలం పొదుపు వ్యవహారం అనుకోకండి. తెరమీది పత్రికను తెరిచి చూసేవారు తగ్గితే ప్రకటనలిచ్చేవారూ తగ్గుతారు, ముద్రణలో మిగిలిన డబ్బులో కొంత అలా పోతుంది. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. ఇంజన్ ఎలా ఆగింది, క్రాస్‌విండ్‌లో, అంటే రన్‌వేకు అడ్డంగా వీచే గాలిలో, విమానం రన్‌వే నుంచి ఎందుకు పక్కకు పోయింది అని వివరించే ప్రమాద నివేదికలు క్లబ్బు బల్లమీద పడి ఉంటే, వెదకనివాడు కూడా చదువుతాడు. సంఘం ఇచ్చే ప్రయోజనాల్లో నేను అన్నిటికంటే పైన పెట్టేది దాన్నే. పత్రిక ఆపినా ఆ నివేదికలను అచ్చువేసి ప్రతి స్కూలుకూ పంపించమని అడగండి, పెద్ద ఖర్చేమీ కాదు.

కొత్తరెక్క

అందరికీ ధన్యవాదాలు. పద్దుపుస్తకం గారు చెప్పిన పద్దు తీసి చూశాను. డిపాజిట్లలో సగానికి పైగా ముందుగా వచ్చిన రుసుములే. కంప్యూటర్ వ్యవస్థ ఖర్చును ఎలా రాశారో నివేదికలో ఎక్కడా వివరణ లేదు, దాన్ని రాతపూర్వకంగా అడుగుతున్నాను. రుసుమును వెనక్కి తీసుకోమనే తీర్మానానికి ఓటు వేయడానికి ఇప్పుడు నా మనసు ఒప్పడం లేదు. దానికి బదులు, ఉత్తరపుగాలి గారు చెప్పినట్టు మూడు విభాగాలుగా లెక్కలు చూపించాలని సవరణ పెడితే ఎలా ఉంటుంది? ఆ సవరణకు పాలకవర్గం కట్టుబడి ఉండవలసి వస్తుందా?

పద్దుపుస్తకం

సంఘం నియమావళిని బట్టి ఉంటుంది. చాలాచోట్ల రుసుము నిర్ణయించే అధికారం పాలకవర్గానికే ఉంటుంది కాబట్టి, ‘రుసుము తగ్గించండి’ అనే తీర్మానం నెగ్గినా అది సలహాగానే మిగిలిపోవచ్చు. లెక్కలు ఫలానా విధంగా చూపించమని కోరడం వేరు. దాన్ని కాదనడానికి పాలకవర్గానికి మర్యాదైన కారణం దొరకడం కష్టం. నోటీసు గడువు ఎప్పటిలోగా ఉందో, సవరణను బలపరచడానికి ఎందరు సభ్యుల సంతకాలు కావాలో ముందు చూసుకోండి. సవరణలో ‘వచ్చే వార్షిక నివేదిక నుంచి’ అని కాలం స్పష్టంగా రాయండి. ఉద్యోగుల జీతాలను మూడు విభాగాల మధ్య ఏ ప్రాతిపదికన పంచారో కూడా వెల్లడించాలన్న ఒక్క వాక్యం అందులో తప్పక చేర్చండి. జీతాలే అతిపెద్ద ఖర్చుల్లో ఒకటి, వాటిని ఇష్టం వచ్చినట్టు పంచితే మిగతా లెక్కంతా ఎటు కావాలంటే అటు వంగుతుంది.