సోషల్ సెక్యూరిటీ (అమెరికా ప్రభుత్వ పెన్షన్) 62కే తీసుకోవాలా, 70 దాకా ఆగాలా? ఇద్దరి లెక్క చూసి చెప్పండి

ప్లేనో పెద్దాయన: నాకు 62 నిండాయి, మా ఆవిడకి 58. ఇద్దరం అమెరికా సిటిజన్లమే. సోషల్ సెక్యూరిటీ 67కి తీసుకుంటే నెలకి 2,400 డాలర్లు. ఇప్పుడే అయితే 1,680, 70కి అయితే 2,976. ఆవిడ హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి భార్యకిచ్చే వీసా) మీద చాలా ఏళ్లు ఇంట్లోనే ఉండిపోయింది, 2015లో ఆ వీసాకి పని పర్మిట్లు మొదలయ్యాకే పనిలో చేరింది. సొంత పెన్షన్‌కి కావాల్సిన 40 క్రెడిట్లు (పనిచేసి సంపాదిస్తే పడే పాయింట్లు) లేవు. నేను ఉద్యోగం మానేశాను. తీసేసుకో అంటాడు బావమరిది, ఆగమంటారు పిల్లలు.

కూకట్‌పల్లి రిటర్న్: బావమరిదిదే రైటు. 70 దాకా ఆగితే వదులుకునేది లక్షా అరవై వేల పైమాటే. అది తిరిగి రాబట్టాలంటే 80 దాటాలి. మనలో షుగరో స్టెంటో లేని మగాడెవరండీ? పైగా 2033లో ఈ పెన్షన్లిచ్చే ట్రస్టు ఫండు అడుగంటితే పెన్షన్‌లో 77 శాతమే ఇవ్వగలమని ఆ ఫండు ట్రస్టీలే 2025 రిపోర్టులో రాశారు. 1,680తో హైదరాబాద్‌లో దర్జాగా బతకొచ్చు.

ఎడిసన్ అత్తగారు: లెక్కంతా ఆయన ఆయుష్షు మీదే కట్టారు. మరి ఆవిడ? ఆయన పోయాక ఆవిడకి మిగిలేది ఆయన చెక్కే. 70 దాకా ఆగి ఉంటే, ఆవిడకి 67 నిండాక 2,976 వస్తుంది. 62కే తీసుకుని ఉంటే 2,400లో 82.5 శాతం, అంటే 1,980 దగ్గర ఆగిపోతుంది. నెలకి వెయ్యి తేడా, అదీ ఒంటరిగా ఉన్నప్పుడు. ఆయనకి షుగరుందంటే నేనైతే ఇంకా గట్టిగా ఆగమంటాను.

ఎక్సెల్ శాస్త్రి: ఇద్దరూ ఒకటి వదిలేశారు. ఆయన అప్లై చేసేదాకా ఆవిడకి భార్య వాటా (ఆయన పెన్షన్ మీద భార్యకిచ్చేది) పైసా రాదు. ఆయన 67కి అప్లై చేస్తే ఆవిడకి 63, నెలకి 840. 70కి చేస్తే ఆవిడకి 66, నెలకి 1,100. ఆ మూడేళ్లలో పోయేది 30,240. 840 కాస్తా 1,100 అయ్యేది ఆవిడ వయసు వల్లే; ఆయన ఆగారని ఆవిడ వాటా పెరగదు కూడా, ఎప్పుడైనా 2,400లో సగమే గరిష్ఠం. నా ఓటు 67కి.

ఎడిసన్ అత్తగారు: శాస్త్రిగారూ, ఆ ముప్ఫై వేలు ఒక్కసారి పోయేవి. 2,400కీ 2,976కీ తేడా 576, విధవరాలికి బతికున్నన్నాళ్లూ నెలనెలా.

ప్లేనో పెద్దాయన: ఈ అంకెలు ఆవిడకి చూపించాను. "శుక్రవారం పూట ఈ అశుభం మాటలేంటండీ" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. డేకేర్‌లో చేస్తోంది, 28 క్రెడిట్లు ఉన్నాయి. పెళ్లికి ముందు గుంటూరులో టీచరుగా చేసింది, అవి కలుస్తాయా?

ఎక్సెల్ శాస్త్రి: కలవవు, రెండు దేశాల్లో పనిచేసిన ఏళ్లు కలిపి లెక్కేసే ఒప్పందం ఇండియాతో అమెరికాకి లేదు. కానీ 28 అంటే దగ్గరికొచ్చేశారు! ఏడాదికి 4 చొప్పున ఇంకో మూడేళ్లు చేస్తే 40. 62కి తన పేరు మీదే ఎంతో కొంత మొదలుపెట్టుకోవచ్చు, మీ అప్లికేషన్‌తో పనిలేదు. అలాగైతే మీరు 70 దాకా ఆగినా నాకు పేచీ లేదు. డేకేర్ మాత్రం మానిపించకండి.

కూకట్‌పల్లి రిటర్న్: అంటే ఆయన ఇంట్లో, ఆవిడ డ్యూటీలో. ఈ ప్లాన్ మీరే ఆవిడకి చెప్పండి శాస్త్రిగారూ.