కావలి పీజీ సెంటర్ పాత విద్యార్థుల వివరాలు ఎక్కడ దొరుకుతాయి?
2008కి ముందు కావలి పీజీ సెంటర్‌లో చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా? సంక్రాంతికి మా బ్యాచ్ కలుస్తోంది. ఎవరు ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారో చిన్న పుస్తకం వేసే పని నా నెత్తిన పడింది. వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు తప్ప సొంత కబురు ఎవరూ చెప్పరు! ఒకడు మాత్రం లెక్చరర్ ఉద్యోగం మానేసి రొయ్యల చెరువులు వేశానని, ఏరేటర్ పక్కన లుంగీలో నిలబడి ఫోటో పెట్టాడు. ఆడవాళ్ల జాడే కష్టంగా ఉంది, పెళ్లిళ్లయి ఇంటిపేర్లు మారాయి. అప్పట్లో సెంటర్ తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ కింద ఉండేది, తర్వాత నెల్లూరు విక్రమ సింహపురి యూనివర్సిటీలోకి వచ్చింది. మరి పాత అడ్మిషన్ రిజిస్టర్లు కావలిలోనే ఉంటాయా, విక్రమ సింహపురి క్యాంపస్ ఉన్న కాకుటూరులోనా, తిరుపతిలోనా? అడిగితే అడ్రసులు ఇస్తారా? ఉద్యోగం పోయి ఇబ్బందుల్లో ఉన్నవాళ్లను నొచ్చుకోకుండా ఎలా అడగాలో కూడా చెప్పండి.