కమ్మరీడా, క్రమముగానా?

ఏర్పేడు ల్యాబువాడు: వేమన పద్యం ఒకటి రెండ్రోజులుగా సతాయిస్తోంది. 'ఇనుము విరిగెనేని ఇనుమారు ముమ్మారు, కాచి యతక...' ఆపైన 'నేర్చు గమ్మరీడు' అనా, 'వచ్చు క్రమముగాను' అనా? నాకైతే కమ్మరి కావాలి. శనివారం బడిపిల్లలకు స్ఫటికాల గురించి చెప్పాలి. 2021లో కోల్‌కతా ఐసర్ అనే సైన్సు విద్యాసంస్థ, ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్ళు ఒక స్ఫటికం చూపించారు. విరిగితే ముక్కలు మిల్లీసెకన్లలో వాటంతటవే అతుక్కుంటాయి, విరిగిన చోట పుట్టిన విద్యుదావేశం లాగేస్తుంది. కొలిమీ లేదు, కమ్మరీ లేడు. అక్కడ ఈ పద్యం చదవాలని ఆశ.

పద్యాలాయన: యతి చూసి తేల్చలేరు. కా-గ కుదురుతుంది, కా-క్ర కుదురుతుంది. 'నేర్చు'కు కర్త కావాలి గనక కమ్మరి వచ్చాడు, 'వచ్చు' అంటే అక్కర్లేదు. నా ఓటు కమ్మరికే. 'క్రమముగాను' పాదం నింపడానికి పెట్టినట్టుంది.

తిరుచానూరు టీచరమ్మ: వేమన పాదం నింపుకునే మనిషా అండీ? మా నాన్న 'క్రమముగాను' అనే చెప్పారు. అసలు సొగసు 'ఇనుము, ఇనుమారు'లో ఉంది. ఇనుమడిలో ఉన్న 'ఇను'వే, రెండు అని. దాన్ని వదిలేసి కమ్మరి వెంట పడ్డారు.

పద్యాలాయన: ఇనుమారు సంగతి ఇక్కడ తెలియనిదెవరికమ్మా?

పలమనేరు: సి.పి. బ్రౌన్ దొర వేమన పద్యాలు 1829లో అచ్చు వేసినప్పుడే ప్రతికో పాఠం. వేమన అంటే నాకు చిత్తూరు నాగయ్య గారి మొహమే. 1947లో తెర మీద ఆయనే వేమన.

ఏర్పేడు ల్యాబువాడు: అయ్యా, నా ప్రశ్న! ఇంకోటి కూడా. ఉప్పు కల్లులా పుటుక్కున విరిగేదానికి 'పెళుసు' అని రాస్తే మా మామ 'పెడుసు' అని దిద్దాడు. హెక్సాక్లోరోబెంజీన్ అనే రసాయనం స్ఫటికాన్ని పట్టకారుతో వంచితే వంగి అలాగే ఉండిపోతుంది, లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి గనక. కొన్నిటిని వంచి వదిలితే మళ్ళీ నిటారుగా లేస్తాయి. ఈ రెండిటికీ 'వంగడం' ఒక్కటే మాటా?

తిరుచానూరు టీచరమ్మ: మొదటిది లొంగడం. మైనం లొంగుతుంది. రెండోది చింతబరికె, వంగి లేస్తుంది. పిల్లలకు బరికె చెప్పండి, బాగా తెలుసు వాళ్ళకి. ఇక మా ఇంట్లో పెళుసు అంటే అప్పడం, పెడుసు అంటే ఎండిపోయిన తోలు. మీ మామ మాట ఒప్పుకోను.

పద్యాలాయన: పెడుసు కూడా విరిగేదే. నిఘంటువు తీయండి.

తిరుచానూరు టీచరమ్మ: తోలు విరుగుతుందా?

పలమనేరు: మనసు విరుగుతుంది కదా, మూడో పాదంలో.

ఏర్పేడు ల్యాబువాడు: శనివారానికి కమ్మరినే పెట్టేస్తున్నా. మామకి చెప్పకండి.