మా ఎంపీ పార్టీని కాదని ఓటేశారా? 2014 ఫిబ్రవరి 18 రికార్డు ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న (గోదారి గట్టు):

అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా నాన్నకీ బాబాయికీ మధ్య 2014 నుంచి తెగని గొడవ ఒకటుంది. విభజన బిల్లు లోక్‌సభలో పాసైన రోజు మన వైపు కాంగ్రెస్ ఎంపీలు సొంత పార్టీకి వ్యతిరేకంగా ఓటేశారా లేదా అన్నది. నాన్న "వేశారు, గొంతు చించుకుని మరీ కాదన్నారు" అంటారు. బాబాయి "బయట ఒక మాట, లోపల ఒక మాట. పార్టీ చెప్పినట్టే చేసుంటారు" అంటారు. మొన్న సంక్రాంతికి మాటా మాటా పెరిగి బాబాయి విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయారు. పిన్ని వేసిన అరిసె అలాగే ఉండిపోయింది.

అందుకే ఒక పట్టిక వేద్దామనుకున్నాను. ఎంపీ పేరు, పార్టీ వైఖరి, ఆయన వేసిన ఓటు, అంతే. లోక్‌సభ సైట్‌లో రెండు రాత్రులు వెతికాను. ఎవరు ఎటు ఓటేశారన్న జాబితా కనబడలేదు. నాకు వెతకడం రాలేదా, అసలు లేదా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1 (సివిక్స్ మాస్టారు):

మీకు వెతకడం రాకపోవడం కాదు బాబూ. ఆ జాబితా లేదు. ఆ బిల్లు మూజువాణి ఓటుతో పాసైంది. "అనుకూలంగా ఉన్నవారు అవుననండి, వ్యతిరేకంగా ఉన్నవారు కాదనండి" అంటారు, స్పీకర్ గొంతులు విని నిర్ణయం చెబుతారు. పేర్లు రాయరు. దానికి తోడు ఆ మధ్యాహ్నం ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది. కాబట్టి మీ నాన్నగారు విన్న అరుపులు బహుశా అంతకు ముందు రోజులవి అయుంటాయి.

ఇంకో సంగతి కూడా చూడండి. ఫిబ్రవరి 13న సభలో పెప్పర్ స్ప్రే గొడవ జరిగింది కదా, ఆ రోజే సీమాంధ్ర ఎంపీలు పదిహేను మందికి పైగా సస్పెండయ్యారు, ఐదు రోజుల సమావేశాలకు. 18వ తేదీ అందులోకే వస్తుంది. అంటే మీ ఎంపీ ఆ రోజు లోపల ఉన్నారా లేదా అన్నదే మొదటి ప్రశ్న. అంతకు రెండు రోజుల ముందే, 11న, సొంత ప్రభుత్వం మీద అవిశ్వాస నోటీసు ఇచ్చిన ఆరుగురు సీమాంధ్ర ఎంపీలను కాంగ్రెస్ బహిష్కరించింది. లగడపాటి, ఉండవల్లి, రాయపాటి, సబ్బం హరి, సాయిప్రతాప్, హర్షకుమార్. పార్టీని ఎదిరించారనడానికి ఆ నోటీసు సాక్ష్యమే. ఓటు మాత్రం రికార్డులో లేదు.

ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు చెప్పిన పాఠం ఇది, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను. రాజ్యాంగ సవరణ బిల్లయితే మూడింట రెండొంతుల మెజారిటీ లెక్క తేలాలి, కాబట్టి డివిజన్, అంటే ఎవరు ఎటు వేశారో పేరు పేరునా నమోదు చేసే ఓటింగ్, తప్పదు. ప్రతి సీటు ముందూ పచ్చ, ఎర్ర, పసుపు బటన్లు ఉంటాయి. పసుపు తటస్థంగా ఉండేవారికి. పొరపాటున నొక్కినవాళ్లు స్లిప్పు రాసిస్తే తుది లెక్కలో సరిచేస్తారు. ఆ పేర్లన్నీ సభా చర్చల ప్రతిలో అచ్చవుతాయి. విభజన బిల్లు మూడో అధికరణం కింద వచ్చింది. దానికి మామూలు మెజారిటీ చాలు. సభ్యులు పట్టుబట్టినా, డివిజన్ అనవసరమని స్పీకర్ అనుకుంటే సభ్యులను నిలబెట్టి తలలు లెక్కపెట్టించవచ్చు. అప్పుడూ పేర్లు రాయరు. ఒక రాష్ట్రం రెండయ్యే బిల్లుకు ఒక్క పేరూ లేకుండా పోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

జవాబు 2 (మానేరు):

మాది కరీంనగర్. ఆ రోజు మా వీధంతా పటాకులు, రంగులు. మీ ఇంట్లో బాధ, మా ఇంట్లో పండుగ. అయినా మాస్టారు చెప్పిన మాటతో నేనూ ఏకీభవిస్తున్నా. మా ఎంపీ అవునన్న మాట కూడా రికార్డులో లేదు కదా. రేపు మా పిల్లలు అడిగితే ఏ పేజీ చూపించాలి?

అసెంబ్లీలోనూ అంతే. 2014 జనవరి 30న ముఖ్యమంత్రి కిరణ్ కుమార్ రెడ్డి తన సొంత పార్టీ బిల్లును తిరస్కరిస్తూ తీర్మానం పెట్టారు. అదీ మూజువాణి ఓటే.

జవాబు 3 (సివిక్స్ మాస్టారు):

మానేరు గారు మంచి సంగతి గుర్తుచేశారు. పట్టిక వేస్తానన్న అబ్బాయికి ఇంకొక్క మాట. పేర్లున్న రోజులు తీసుకున్నా నూటికి తొంభై పైన పార్టీ వైఖరి, ఓటు ఒకటే కనబడతాయి. ఎందుకంటే 1985లో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, ప్రకారం విప్ (ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) ధిక్కరిస్తే, పార్టీ పదిహేను రోజుల్లో క్షమించకపోతే, సభ్యత్వం పోవచ్చు. అందుకే తేడా వచ్చిన రోజులనే పట్టుకోండి.

2008 జూలై 22న మన్మోహన్ సింగ్ విశ్వాస పరీక్ష 275-256తో గట్టెక్కింది. తెలుగుదేశం వ్యతిరేకంగా ఓటేయమంటే మందా జగన్నాథం, డి.కె. ఆదికేశవులు ప్రభుత్వం వైపు వేశారు. 2009లో జగన్నాథం కాంగ్రెస్ టికెట్ మీదే నాగర్‌కర్నూలులో గెలిచారు. 2011 డిసెంబరులో అసెంబ్లీలో అవిశ్వాసం వచ్చినప్పుడు పదహారు మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు సొంత ప్రభుత్వానికి వ్యతిరేకంగా వేశారు. అనర్హత వేటు పడింది. 2012 జూన్‌లో పద్దెనిమిది స్థానాలకు ఉపఎన్నికలు జరిగితే వైఎస్సార్ కాంగ్రెస్ పదిహేను గెలిచింది. ఈ రెండు సందర్భాల్లోనూ ఎవరు ఎటు వేశారో జనానికి తెలుసు. ఆ తర్వాత ఏం చేయాలో వాళ్లే తేల్చుకున్నారు.

2010లో కాంగ్రెస్ ఎంపీ మనీష్ తివారీ ఒక ప్రైవేటు బిల్లు (ప్రభుత్వం తరఫున కాక సభ్యుడు సొంతంగా పెట్టేది) పెట్టారు. ప్రభుత్వం నిలబడటం, డబ్బు బిల్లులు వంటి వాటికే విప్ పరిమితం చేసి మిగతా వాటికి సభ్యుడికి స్వేచ్ఛ ఇవ్వమని. నా మట్టుకు నాకు అది సరైన దారి. దానికి ముందు మాత్రం ముఖ్యమైన ప్రతి బిల్లుకూ డివిజన్ జరగాలి.

ప్రశ్న అడిగినవారు (గోదారి గట్టు):

మాస్టారూ, చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం బాబాయిని ఇంటికి పిలిచాను. ఓటు జాబితా లేదని చెప్పగానే ఇద్దరూ ఒకేసారి "అదెలా?" అన్నారు. తర్వాత 2023 సెప్టెంబరు 20 నాటి మహిళా రిజర్వేషన్ బిల్లు రికార్డు చూపించాను, 454-2. వ్యతిరేకించిన ఇద్దరూ మజ్లిస్ వాళ్లే, మన హైదరాబాద్ ఎంపీ ఒవైసీ, ఔరంగాబాద్ ఇంతియాజ్ జలీల్. వాళ్ల పార్టీ వైఖరి కూడా అదే. నాన్న కళ్లజోడు పెట్టుకుని ఫోన్ మీద వేలు పెట్టి ఒక్కో పేరూ పైకి చదివారు. బాబాయి పక్కన కూర్చుని విన్నారు. చివరికి నాన్న ఫోన్ నాకిచ్చి, "మరి మన రోజుది ఇలా ఎందుకు రాయలేదురా?" అన్నారు. బాబాయి కూడా నా వైపే చూస్తున్నారు.